ఆరు సీసీలు పెరిగిన జావా

పటాన్‌చెరులో మోటారు సైకిళ్ల మాట వస్తే మంతెన నరసరాజు పేరు ఎత్తకుండా ఎవరూ కదలరు. భీమవరం దగ్గర ఉండి అనే ఊరి నుంచి వచ్చిన మనిషి ఆయన. రామచంద్రాపురంలో పెద్ద కర్మాగారం లేచిన తొలి రోజుల్లోనే ఫిట్టరుగా చేరి, పటాన్‌చెరులో కిరాయి ఇల్లు పట్టి, ఇక్కడివాడైపోయాడు. ఆయన చెయ్యి పడి బిగించిన బేరింగును రెండోసారి విప్పవలసిన పని ఉండేది కాదని కర్మాగారం షాపులో చెప్పుకునేవారు.

నక్కవాగు పొంగి బొంబాయి రోడ్డు మీద లారీలు రెండు వైపులా ఆగిపోయిన ఏడు, పొగగొట్టాల చివర రబ్బరు గొట్టాలు కట్టి పైకెత్తి, బండిని నీళ్లలోంచి అవతలి ఒడ్డుకు తోలినవాడు ఆయనే. కర్దనూరు నుంచి మంత్రసాని ముత్యమ్మను వెనక కూర్చోబెట్టుకుని, ఆమె కళ్లు గట్టిగా మూసుకుని ఎల్లమ్మనూ పోచమ్మనూ పేరుపేరునా పిలుస్తుంటే, కాన్పు వేళకు తెచ్చి దింపినవాడూ ఆయనే. జహీరాబాదు పోయి చాయ్ తాగి, తనతోపాటు బయలుదేరిన బస్సు అక్కడికి చేరేలోగా సదాశివపేట దాకా తిరిగి వచ్చి పందెం గెలిచినవాడూ ఆయనే. ఇవి ఆయన చెప్పుకున్నవి కావు. చూసినవాళ్లు చెప్పినవి.

వీటన్నిటినీ మించిన ఘనత ఒకటుంది. మద్రాసు దగ్గర షోలవరంలో, దేశం నలుమూలల నుంచి వచ్చిన రేసుగాళ్ల మధ్య ఆయన బండి తోలాడు. మన ప్రాంతంలో అంతకు ముందు ఆ పని చేసినవాడు లేడు. అయితే ఆ ఘనత తనకు ఎలా దక్కిందని అడిగితే మాత్రం నరసరాజు తల గోక్కునేవాడు. అందులో తాను ఎక్కడ గెలిచాడో, ఎక్కడ ఓడాడో ఆయనకే తేలలేదు.

ఆ బండి ఆయన సొంతం కాదు. సంగారెడ్డి గంజిలో, అంటే ధాన్యం బజారులో, కందులూ పెసలూ కొని అమ్మే బద్రీనాథ్ శేఠ్‌ది. అల్లుడి కోసం ముచ్చటపడి ఎర్రటి జావా కొన్నాడు. జావాలో స్టార్టు చేసే కిక్కూ గేరు వేసే కడ్డీ ఒకటే. అల్లుడు స్టార్టు చేయబోయి గేరు వేశాడు. బండి ఆయన్ని గంజి కాలువలో దింపి తాను గట్టు మీద నిలబడింది. ఆ రోజు నుంచి అల్లుడు దాని ముఖం చూడలేదు. బండి గోదాంలో కందుల బస్తాల పక్కన చేరింది. వాడకపోతే తుప్పు పడుతుంది కాబట్టి ఆదివారాలు తోలిపెట్టమని శేఠ్ నరసరాజును అడిగాడు. అడిగించుకోవడానికే పుట్టినట్టు నరసరాజు ఒప్పుకున్నాడు.

ఆ జావా వల్లనే హోలుబు దొర పరిచయమయ్యాడు. కర్మాగారంలో యంత్రాలు నిలబెట్టడానికి చెకొస్లవేకియా నుంచి వచ్చిన నిపుణుల్లో ఆయన ఒకడు. ఒక ఆదివారం పటాన్‌చెరు నడిబజారులో కారు ఆపించి, దిగి వచ్చి, జావా ట్యాంకు మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయాడు. అది వాళ్ల దేశంలో పుట్టిన బండి అట. వాళ్ల ఊళ్లో ఏటా గ్రాండ్ ప్రీ రేసు జరుగుతుందనీ, ఆ నాడు మామూలు రోడ్లు మూసేసి వాటి మీదే ప్రపంచంలోని మేటి రైడర్లను వదులుతారనీ, వచ్చీరాని హిందీలో చెప్పాడు. తర్వాత నరసరాజును క్వార్టర్సుకు పిలిచి ఫోటోలు చూపించాడు. జపాను కంపెనీలూ ఇటలీ కంపెనీలూ జట్లు కట్టుకుని వస్తాయి. జట్టుకు యజమాని, మెకానిక్కులు, రైడర్లు. కొబ్బరికాయంత ఇంజనులో నాలుగేసి, అయిదేసి సిలిండర్లు. ఒక చిన్న బండికి పద్నాలుగు గేర్లు పెట్టారట. నరసరాజు ఆ ఫోటోను వెలుగు వైపు తిప్పి చూశాడు.

"ఇప్పుడు అవన్నీ బంద్," అన్నాడు హోలుబు దొర. "పెద్దలు కూర్చుని రూలు రాశారు. ఇంత బండికి ఇన్నే సిలిండర్లు. గేర్లు ఆరు దాటకూడదు."

నరసరాజుకు అక్కడే చిక్కు పడింది. కర్మాగారంలో ఎవరైనా మంచి ఉపాయం కనిపెడితే దండ వేసి ఫోటో తీస్తారు. బాగా చేసినవాణ్ణి మెచ్చుకోవాలి గాని, ఇకమీదట ఇంత బాగా చెయ్యొద్దని రాస్తారా?

దొర నవ్వాడు. "రూలు లేకపోతే ఒక్కడే పరుగెత్తుతాడు. మిగతావాళ్లు ఇంట్లో కూర్చుంటారు."

అది విన్నప్పుడు సరిగానే ఉన్నట్టు తోచింది. ఇంటికి వచ్చేసరికి మళ్లీ తప్పుగా తోచింది. దొర ఒప్పందం ముగిసి వాళ్ల దేశం వెళ్లిపోయాక కూడా నరసరాజు ఆ సంగతి తలుచుకునేవాడు. ఒక్కసారి అయినా అలాంటి రేసుగాళ్ల వరసలో నిలబడాలన్న కోరిక ఆయనలో అప్పుడు పడింది. మన దేశంలో అందుకు చోటు షోలవరమేనని ఎవరో చెప్పారు.

అవి డెబ్బైల మొదటి ఏళ్లు. పటాన్‌చెరు పక్కన ఫ్యాక్టరీల కోసం భూములు తీసుకుని ముందు రోడ్లు వేశారు. నున్నటి తారు రోడ్లు, మూలమూలకు ప్లాటు నంబర్ల రాళ్లు, మధ్యలో తుమ్మచెట్లూ మేకలూ. ఫ్యాక్టరీ ఒక్కటీ లేదు. నగరంలోని మోటారు క్లబ్బువాళ్లు ఆ రోడ్లు చూసి మోజుపడి అక్కడ రేసు పెట్టారు.

కబురు వినగానే నరసరాజు సంగారెడ్డి పోయి శేఠ్ ముందు నిలబడ్డాడు.

"శేఠ్‌గారూ, మన బండి దింపుదామండి."

"దింపితే నాకేమొస్తది రాజుసాబ్?" అన్నాడు బద్రీనాథ్, పెసలు అరచేతిలో పోసుకుని ఊదుతూ.

"పేరొస్తుందండి. గ్రాండ్ ప్రీలో యజమాని పేరే ముందు చెబుతారండి."

బద్రీనాథ్ పెసలు బస్తాలో వేశాడు. "గట్లనా? సరే, దింపు. కప్పు తెచ్చి నా దుకాణంల పెట్టు. కప్పొస్తే నిన్నూ బండినీ మద్రాసు తోలుత. రాకపోతే ఇగ రేసు ముచ్చట నా ముంగట తియ్యొద్దు."

ఇంట్లో పద్మావతి అంతకంటే తక్కువ మాటల్లో తేల్చేసింది. "ఈ ఏడాది మీ ఇష్టం. ఆ పైన బండెక్కి పరుగులంటే నేను మన ఊరు ఉండి వెళ్లిపోతాను. ముప్పై అయిదు దాటాయి మీకు, గుర్తుందా?" నరసరాజు సరేనన్నాడు. అంటే షోలవరం ఈ ఏడాదే. తప్పితే మరి లేదు.

జట్టు తయారైంది. యజమాని బద్రీనాథ్, రైడరు నరసరాజు. మెకానిక్కు యాదన్న. బొంబాయి రోడ్డు పక్కన తాడిపత్రి గుడ్డ నీడ కట్టుకుని బళ్లు బాగుచేసే యాదన్న చెవి ఆనించి ఇంజను విని, పెదవి విరిచాడు.

"పిస్టన్ లూజైంది సేటు. డబ్బాల గింజ లెక్క ఆడుతున్నది. బోరు కొట్టియ్యాలె."

బోరు కొట్టించడమంటే అరిగిపోయిన సిలిండరును లోపల సమంగా చెక్కించి, ఆ పెరిగిన సైజుకు సరిపడే కొత్త పిస్టను వెయ్యడం. మన రోడ్ల దుమ్ముకు ఏ బండికైనా అది తప్పదు. యాదన్న దాన్ని కాన్పులా చేసేవాడు. పసుపు రాసి, నిమ్మకాయ కట్టి, పాత పిస్టను కడిగి తుడిచి యజమాని చేతిలో పెట్టేవాడు. బద్రీనాథ్ దాన్ని గల్లాపెట్టె మీద పెట్టుకుని అగరొత్తులు గుచ్చుకున్నాడు. ఒక మిల్లీమీటరు పెద్ద పిస్టనుతో జావా కొత్తదానికంటే నిండుగా పలికింది. ముగ్గురూ ఆ చప్పుడు విని ఒకరి ముఖం ఒకరు చూసుకుని సంతోషించారు.

రేసు రోజు కిష్టారెడ్డిపేట నుంచీ కర్దనూరు నుంచీ జనం బండ్లు కట్టుకుని వచ్చారు. మలుపుల్లో రైడర్లకు దెబ్బ తగలకుండా గడ్డిమోపులు పెడితే, వాటిని కాపాడటానికే ఇద్దరు మనుషులు కావలసి వచ్చింది. గేదెలు రేసును లెక్కచెయ్యలేదు. బళ్లు చాలినన్ని రాలేదని క్లబ్బువాళ్లు రెండు తరగతులను ఒకేసారి వదిలారు. ఇంజను సిలిండరు లోపలి కొలత రెండు వందల యాభై సీసీ లోపున్న బళ్లు ఒక తరగతి. అది దాటి మూడు వందల యాభై వరకు ఇంకొకటి. పరుగు ఒకటే, లెక్కలు వేరు. పెద్ద తరగతిలో మూడు బుల్లెట్లు ఉన్నాయి. చిన్న తరగతిలో నగరం కాలేజీ కుర్రాళ్ల జావాలు ఏడెనిమిది.

నరసరాజు ఆ రోజు తోలిన తీరు చూసినవాళ్లు మరిచిపోలేదు. పంపుహౌసు మలుపులో ఆయన మోకాలు ప్లాటు రాయికి తగిలిందని కొందరు, తగలలేదు జానెడు దూరముందని కొందరు ఇప్పటికీ వాదించుకుంటారు. రెండు బుల్లెట్లను వెనక పడేశాడు. ఒక్క బుల్లెట్టు మాత్రం ఆయన ముందు గీత దాటింది. జావాల్లో ఆయన దరిదాపుల్లో ఎవరూ లేరు. యాదన్న గంతులేశాడు. బద్రీనాథ్ పక్కనున్నవాళ్లకు బెల్లం పంచాడు.

రేసు అయ్యాక గెలిచిన బళ్ల ఇంజను విప్పి కొలవడం రూలు. అందుకోసం క్లబ్బు తరఫున సూర్యప్రకాశరావు అనే పెద్దమనిషి బల్ల వేసుకుని కూర్చున్నాడు. మెత్తటి మనిషి, టై కట్టుకున్నాడు.

"రావుసాబ్, మీరు తిప్పలు వడకుండ్రి. నేనే ఇప్పి సూపిస్త," అని యాదన్న ముందుకు వచ్చాడు. హెడ్డు ఎత్తి, పిస్టను మీది మసి తన కండువాతోనే తుడిచాడు. దాని నెత్తిన అచ్చుకొట్టిన అంకె మీద వేలు పెట్టాడు. "సూడుండ్రి, అసలు కంపెనీ మాలు. ఒక్క ఎంఎం పెద్దది. గిసుంటి బోరు సికింద్రాబాదుల గూడ కొట్టలేరు."

సూర్యప్రకాశరావు కళ్లజోడు సర్దుకున్నాడు. "ఎంత పెద్దదన్నావయ్యా?"

"ఒక్క ఎంఎం సార్. పక్కా."

ఆయన కొలిచాడు. కాగితం మీద లెక్క వేశాడు. మళ్లీ కొలిచాడు. "అయ్యా నరసరాజుగారూ, ఇది చిన్న తరగతి బండి కాదండి. రెండు వందల యాభై ఆరున్నర దాటింది."

"అదెలాగండి?" అన్నాడు నరసరాజు. "ఇది రెండొందల యాభై బండండి. కంపెనీవాళ్లే అలా అన్నారండి."

"పుట్టినప్పుడు అంతేనండి."

"మనిషి కాస్త ఒళ్లు చేస్తే వేరే మనిషైపోతాడాండీ?"

"కాడు. కాని కుస్తీకి దిగితే బరువు చూసే జత కడతారు కదండీ."

నరసరాజు గొంతుక్కూర్చున్నాడు. ఇసుకలో పుల్లతో తానే లెక్క కట్టాడు. అరవై ఆరు అడ్డకొలత, డెబ్బై అయిదు నిలువు. పెద్దాయన చెప్పిందే వచ్చింది. షాపులో వెంట్రుక వాసి తేడా వస్తే తాను సరుకు వెనక్కి పంపేవాడు. అలాంటివాడు ఈ మిల్లీమీటరును చూసి చప్పుడు బాగుందని మురిసిపోయాడు. షాపులో కొలత కొలతే. బండి దగ్గరకు వచ్చేసరికి రెండొందల యాభై అన్నది ఇంటిపేరులాంటిది అనుకున్నాడు. అయినా ఒక అనుమానం తొలిచింది.

"బోరు కొట్టించక ముందు అరిగి ఉందండి. అరిగితే లోపల పెద్దదే అవుతుంది కదండీ?"

"అవుతుంది. అప్పుడు కొలిచినా బహుశా గీత దాటేదే."

"అంటే తోలినకొద్దీ తరగతి మారిపోతుందాండీ?"

సూర్యప్రకాశరావు ఇసుకలోని లెక్క వైపు చూశాడు. "కొంచెం కొంచెంగా మారుతుందండి," అని ఒప్పుకున్నాడు. "మరీ కొత్తగా ఉన్నప్పుడే మన తరగతిలో ఉంటుంది."

కప్పు రెండో స్థానంలో వచ్చిన కాలేజీ కుర్రాడికి ఇచ్చారు. ఆ కుర్రాడు కప్పు పట్టుకుని నరసరాజు దగ్గరకు వచ్చి, "బాబాయిగారూ, నేను మిమ్మల్ని దాటలేదు కదండీ?" అని అడిగాడు. "దాటలేదు బాబూ," అన్నాడు నరసరాజు.  మరి నరసరాజును పెద్ద తరగతిలో కలిపి చూస్తే అక్కడ ఆయన రెండో స్థానం. అయితే అయిదు బళ్లయినా లేని తరగతిలో రెండో బహుమతి ఇవ్వరట. అదింకో రూలు. లెక్క ఒప్పే, తాను తోలింది ఒప్పే. రెండు ఒప్పులు కలిపితే చేతిలో ఏమీ లేకుండా ఎలా పోయిందో ఆయనకు ఎంతకీ అంతుపట్టలేదు.

యాదన్న విప్పిన బండిని తోపుడుబండి మీద వేసుకుని తన తాడిపత్రి కిందికి పోయాడు. రెండు రోజులు దుకాణం తెరవలేదు.

"ఇంతకీ గెలిచినట్టా, ఓడినట్టా?" అని పద్మావతి అడిగింది.

"చిన్నదాంట్లో గెలిచాను. కాని నేను చిన్నదాంట్లో లేను."

"మరి ఎందులో ఉన్నారు?"

"పెద్దదాంట్లో. అందులో ఉన్నట్టు నాకు తెలియదు."

ఆమె పప్పు గుత్తి పక్కన పెట్టి ఆయన నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. జ్వరం లేదు.

గంజిలో బద్రీనాథ్ పరిస్థితి ఇంకా అన్యాయం. రేసు ఏమైందని అడిగినవాడికల్లా మొదటినుంచి చెప్పాలి. చెప్పినకొద్దీ చిక్కు ముదిరేది. "గెల్సినం గని బండి పెద్దగైందన్నరు" అంటే, ఎదుటివాడు గోదాం వైపు తొంగిచూసేవాడు. చివరికి పక్క దుకాణం ప్రహ్లాద్ ఆయన్ని ఎగతాళి చేశాడు.

"ఏం బద్రీనాథ్, నీ బండి ఇంకెంత పెరుగుతది? లారీ అయ్యేదాక ఆగుతవా?"

బద్రీనాథ్‌కు రోషం వచ్చింది. నరసరాజును పిలిపించాడు. కప్పు రాలేదు కాబట్టి రేసు ముచ్చట ఇక ముగిసిందన్న మాట వినడానికే నరసరాజు సిద్ధపడి వచ్చాడు.

"రాజుసాబ్, నాకు ఒక్కటి చెప్పు. నేను రెండొందల యాభై శేర్ల కందులని అమ్మి, రెండొందల యాభై ఆరు తూచి ఇచ్చిన. నేను దొంగనా?"

"కాదండి."

"తూకం తక్కువైతే దండుగ ఏస్తరు. ఎక్కువిచ్చినోనికి దండుగ ఏసుడు నా తాతల కాలంల గూడ ఇనలే! గా రావుసాబ్ మంచోడే గని ఆయన రూలు ఉల్టా ఉన్నది. ఇగ నువ్వు మద్రాసు పోతున్నవ్. నేను గూడ వస్త."

"కప్పు రాలేదు కదండీ?"

"కప్పు సంగతి నీకెందుకు? పేరు పంపిచ్చుడు నా పని. సెలవు పెట్టుకో పో."

నరసరాజుకు సంతోషం వచ్చింది. కాని ఎందుకు వచ్చిందో అడిగితే ఎక్కడ పోతుందోనని భయం వేసింది. అందుకే ఇంకేమీ అడగకుండా సైకిలెక్కాడు.

అప్పుడు ఇద్దరు మనుషులు ఒకరికి తెలియకుండా ఒకరు మేలు చేశారు. బండి ఎంత పెరిగితే అంత తరగతిలోనే దింపుదామని బద్రీనాథ్ మద్రాసుకు పెద్ద తరగతిలో పేరు రాసి పంపాడు. ఎవరికీ చెప్పలేదు. యజమాని ఆటలో వేలు పెడితే రైడరు మనసు చెదురుతుందని ఆయనకు తోచింది. ఇటు యాదన్న, తన వల్లనే శేఠ్ పరువు పోయిందని కుమిలి, సిలిండరు పట్టుకుని సికింద్రాబాదు రాణిగంజ్ పోయాడు. లోపల ఇనుప తొడుగు బిగించి, గాలీ పొగా పోయే కంతలు దానికి మళ్లీ కోయించి, సరిపడే పిస్టను వేసి, కంపెనీ నుంచి వచ్చినప్పటి సైజుకు ఖచ్చితంగా తెచ్చాడు. చెయ్యి తిరిగినవాడు గనుక బయటికి ఏమీ తెలియకుండా బిగించాడు. అక్కడ కొలిచినప్పుడు శేఠ్ ముఖంలో వెలుగు చూద్దామని ఆయన కోరిక.

జావాను మద్రాసు పోయే పప్పుల లారీలో బస్తాల మధ్య కట్టారు. ముగ్గురూ రైలెక్కారు. దారి పొడుగునా యాదన్నా శేఠూ ఎవరి గుట్టు వాళ్లు కడుపులో పెట్టుకుని నవ్వుకుంటుంటే, ఇద్దరినీ మార్చి మార్చి చూసి నరసరాజుకు ఏమీ అర్థం కాలేదు.

షోలవరం అంటే యుద్ధకాలం నాటి పాత విమానాల మైదానం. కాంక్రీటు పట్టీ కంటి చూపు ఆనినంత దూరం పోతుంది. డేరాలు, తోలు కోట్లు, ఇంజన్లలో ఆముదం మండిన వాసన. హోలుబు దొర ఫోటోల్లోంచి లేచి వచ్చినట్టున్న మనుషులను చూస్తూ నరసరాజు తన ఖాకీ చొక్కా గుండీలు సర్దుకున్నాడు.

తనిఖీ బల్ల దగ్గర తమిళ పెద్దమనిషి ఇంజను కొలిచి, కాగితం చూసి, మళ్లీ ఇంజను చూశాడు. ఇంగ్లీషులో ఏదో అన్నాడు. నరసరాజు దాన్ని తెలుగు చేశాడు.

"శేఠ్‌గారూ, మనం పెద్ద తరగతిలో రాశామంటున్నాడండి."

"నేనే రాసిన!" అన్నాడు బద్రీనాథ్, ఛాతీ విరిచి.

"కాని బండి చిన్నదంటున్నాడండి. రెండొందల నలభై తొమ్మిదట."

"గదెట్ల? మన బండి పెద్దగున్నది కద!"

యాదన్న ముఖం వెలుగుతూ ముందుకు వచ్చాడు. "నేను చిన్నగ చేయించిన సేటు! తొడుగు ఏయించిన. ఇగ ఎవ్వడేమంటడో సూస్త!"

 బద్రీనాథ్ అక్కడే ఉన్న పెట్రోలు డబ్బా మీద కూర్చున్నాడు. రెండు వందల యాభై దాటని బండి పెద్ద తరగతిలో పనికిరాదు. అది పెద్దలు రాసిన గీత. చిన్న తరగతిలోకి మార్చమని నరసరాజు బతిమాలాడు. పేర్లు నిండిపోయాయి, వరస కట్టేశారు, ఇక కుదరదన్నారు.

"నాకు ఒక్క మాట చెప్తే ఏం పోయిందిరా యాదిగా?"

"మీరు చెప్పిండ్రా సేటు? ఖుషీ అయితరని చేసిన."

"నేను గూడ గందుకే చేసిన!"

వాళ్లిద్దరి మధ్య నరసరాజు నిలబడి ఉన్నాడు. పద్మావతికి ఇచ్చిన మాట, సెలవు, ఇంత దూరం వచ్చిన బండి, అన్నీ కళ్ల ముందే ఉన్నాయి. పెరిగినందుకు పటాన్‌చెరులో కాదన్నారు, తగ్గినందుకు ఇక్కడ కాదంటున్నారు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో వెతికితే మనిషి దొరకలేదు. ఆయన తమిళ పెద్దమనిషి వైపు తిరిగి చేతులు కట్టుకున్నాడు.

"అయ్యా, మా బండిని కొలవని రేసు ఒకటైనా లేదాండీ?"

అడిగింది తెలుగులోనే. ఆ పెద్దమనిషికి ఎంత అర్థమైందో తెలియదు గాని, ఆయన నరసరాజు ముఖాన్ని కాసేపు చూసి, కాగితాల అడుగు నుంచి ఒకటి లాగాడు. సాయంత్రం చివరి రేసు. ఏ సైజు బండి అయినా దిగవచ్చు. ఎవరో రాక ఒక ఖాళీ ఉంది. అయితే అందులో ఉన్నవన్నీ అయిదు వందలూ ఆరు వందల యాభైల ఇంగ్లీషు బళ్లేనని, చూసుకొమ్మని వేలితో చూపించి హెచ్చరించాడు.

నరసరాజు చూశాడు. ఆ బళ్ల చక్రాలు తన బండి ఎత్తున ఉన్నట్టు కనిపించాయి. "దిగుతానండి," అన్నాడు.

చివరి వరసలో చివర నిలబెట్టారు. ముందు బళ్లు ఒక్కసారి గర్జించేసరికి ఆయనకు తన ఇంజను ఆడుతోందో లేదో తెలియలేదు. చెయ్యి ట్యాంకు మీద పెట్టి చూసుకున్నాడు. అదురుతోంది. జెండా పడింది. ముందున్నవాళ్లందరూ దుమ్ములో కలిసిపోయి ఆయన ఒక్కడే మైదానంలో మిగిలాడు. మొదటి మలుపులో ఎప్పటిలా ఒరిగాడు. కాంక్రీటు పలకల సందుల మీద బండి టకటకలాడింది. కాసేపటికి వెనక నుంచి ఉరుము వచ్చి పక్కనుంచి పోయింది. ఇంకొకటి పోయింది. ముందు పోయినవాళ్లు మళ్లీ వెనకనుంచి ఎలా వస్తున్నారా అనుకుని, వాళ్లు అప్పుడే తనకంటే ఒక చుట్టు ఎక్కువ తిరిగేశారని తర్వాత తెలుసుకున్నాడు. ఎవరు ముందో ఎవరు వెనకో విడదీయడం మానేశాడు. మలుపు వచ్చినప్పుడు ఒరగడం, రోడ్డు సాగినప్పుడు ట్యాంకు మీదికి వంగడం. అంతే చేశాడు. జనంలో ఎవరో ఖాకీ చొక్కాను చూసి చప్పట్లు మొదలుపెట్టారు. ఆ తర్వాత ఆయన ఎదుటికి వచ్చినప్పుడల్లా ఆ వైపంతా లేచి నిలబడింది. రేసు ముగిసిందని చూపే గళ్ల జెండాను ఆయన కోసం కాసేపు ఎక్కువగా ఊపి ఉంచారు.

ఆయన బండి దిగాడు. యాదన్న ఇంజను తాకి, వేలు కాల్చుకుని, నవ్వాడు.

"ఎన్నోడివి రాజుసాబ్?" అని బద్రీనాథ్ పరుగున వచ్చాడు.

"తెలియదండి శేఠ్‌గారూ. దాటినవాళ్లే మళ్లీ దాటారండి. వాళ్లను ఒకసారి లెక్కవేసుకోవాలో రెండుసార్లు వేసుకోవాలో..."

"నువ్వు ఎవన్నన్న దాటినవా?"

"ఒకణ్ణి దాటానండి."

"అరె వా! గదీ ముచ్చట! ఎవన్ని?"

"పేరు తెలియదండి. పెద్ద బండి. ఇంజను ఆగి పక్కన నెట్టుకుంటూ పోతున్నాడండి."

"ఆగితే ఏంది? రేసుల ఉన్నడా లేడా?"

"ఉన్నాడండి. తోయడం మానలేదు."

"ఇగ చాలు," అని బద్రీనాథ్ తపాలాఫీసు వెతుక్కుంటూ వెళ్లాడు.

మర్నాడు పటాన్‌చెరుకు బద్రీనాథ్ పంపిన తంతి వచ్చింది. పద్మావతికి ఇంగ్లీషు రాదు. ఎదురింట్లో అద్దెకుంటున్న కర్మాగారం గుమాస్తా దగ్గరకు తీసుకుపోయింది. ఆయన దాన్ని వెలుగులోకి పట్టుకుని, నెమ్మదిగా తెలుగు చేసి చదివాడు. "రేసు పూర్తయింది. నరసరాజు క్షేమం. పెద్ద బండిని దాటాడు."

"గెలిచారాండీ?" అని పద్మావతి అడిగింది.

గుమాస్తా కాగితం వెనక్కి తిప్పి చూశాడు. వెనక ఏమీ లేదు. "అది రాయలేదమ్మా. పెద్ద బండిని దాటాడనే ఉంది."

ఆమె తంతి తీసుకుని మడత పెట్టుకుంది. "క్షేమమని మళ్లీ ఒక్కసారి చదవండి," అంది.